సిలువ అర్థం చదువుకోవడం ఎలా: మార్కు 15 నుంచి మొదలుపెట్టండి

మన సంఘాల్లో ఎవరినైనా "యేసు ఎందుకు చనిపోయాడు?" అని అడగండి. "మన పాపాల కోసం" అని వెంటనే జవాబు వస్తుంది. జవాబు సరైనదే, తొలి సంఘాల బోధకుడైన పౌలు కొరింథీయులకు రాసిందీ అదే. ఇంకొక్క ప్రశ్న వేయండి: ఒకరు చనిపోతే ఇంకొకరి పాపం ఎలా పోతుంది? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కొందరు ప్రసంగాల్లో విన్న జడ్జి కథ చెప్తారు. నేరం చేసిన కొడుకు తరఫున జడ్జి అయిన తండ్రే జరిమానా కట్టాడు అనే కథ. దాని మీద మరో ప్రశ్న వేస్తే టెన్షన్ పడతారు.

ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మీరు విశ్వాసి కావచ్చు, సండే స్కూల్లో పాఠం చెప్పాల్సినవారు కావచ్చు, క్రైస్తవులు సిలువను అంతగా ఎందుకు పట్టుకుంటారో తెలుసుకోవాలనుకునే వేరే మతంవారు కావచ్చు. పద్ధతి అందరికీ ఒకటే. అర్థాన్ని ముందే చేతిలో పెట్టుకుని కథలోకి వెళ్లకండి. కథ నుంచి బయల్దేరి అర్థాల దగ్గరికి రండి. అర్థాలు అని బహువచనంలో అనడానికి కారణం ఉంది, అది మెల్లగా తెలుస్తుంది.

కావాల్సినవి తక్కువే. ఒక బైబిల్, వీలైతే ఇంకో అనువాదం. పాత గ్రాంథిక అనువాదం చెవికి బాగుంటుంది, వాడుక భాష అనువాదం వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేలిగ్గా చూపిస్తుంది. రెండూ ఫోన్ యాప్‌లలో దొరుకుతాయి. ఒక నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు. శ్రమకాలంలో, అంటే కతోలికులు తపస్సుకాలం అనే రోజుల్లో చదివితే సంఘమంతా అదే ధ్యాసలో ఉంటుంది కాబట్టి ఊపు వస్తుంది. మిగతా రోజుల్లో చదివినా నష్టమేమీ లేదు.

ఒకటి: మార్కు 14, 15 ఒకే దఫాలో చదవండి

యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల్లో మార్కుది చిన్నది. మొదట రాసింది కూడా అదే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 14వ అధ్యాయం మొదటి వచనం నుంచి 15 చివరి వరకు బయటికి వినబడేలా చదివితే అరగంట లోపే అయిపోతుంది. వ్యాఖ్యానం తెరవకండి, అడుగున ఉన్న నోట్స్ చూడకండి, యూట్యూబ్ ప్రసంగం పెట్టకండి. అవన్నీ తర్వాత.

రెండోసారి పెన్ను పట్టుకుని చదవండి. 15వ అధ్యాయంలో "రాజు" అనే మాట ఎక్కడ వచ్చినా గీత గీయండి. 2, 9, 12, 18, 26, 32 వచనాల్లో దొరుకుతుంది. ఎవరి నోటి నుంచి వస్తోందో పక్కన రాయండి. రోమా అధికారి పిలాతు విచారణలో అంటాడు, సైనికులు వెక్కిరింపుగా అంటారు, సిలువ మీద నేరంగా రాస్తారు, ప్రధాన యాజకులు ఎగతాళిగా అంటారు. భక్తితో అన్నవారు ఒక్కరూ లేరు. ఊదారంగు వస్త్రం, ముళ్ల కిరీటం, మోకాళ్లూనడం, నేరం రాసిన పలక, కుడివైపు ఎడమవైపు ఒక్కొక్కరు: ఇదంతా ఒక పట్టాభిషేకాన్ని తలకిందులు చేసినట్టు సాగుతుంది. వెక్కిరించేవాళ్లు తమకు తెలియకుండానే నిజం చెబుతున్నారన్నది మార్కు పట్టు. "ఇతరులను రక్షించాడు, తనను తాను రక్షించుకోలేడు" అన్న 31వ వచనం దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. మార్కు దృష్టిలో ఆ ఎగతాళి మాట అక్షరాలా నిజం. తనను రక్షించుకుంటే ఇతరులను రక్షించడం ఉండదు.

రెండో రంగు పెన్నుతో, ఆయన్ని వదిలేసినవారిని గుర్తించండి. శిష్యులు పారిపోతారు, పేతురు మూడుసార్లు ఎరగనంటాడు, చివరికి ఆయనే "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని కేక వేస్తాడు. మార్కులో సిలువ మీద యేసు పలికిన మాట ఇదొక్కటే. మిగిలినవారు దూరం నుంచి చూస్తున్న స్త్రీలు. మగ్దలేనే మరియ, చిన్న యాకోబు యోసేల తల్లి మరియ, సలోమే అని పేర్లతో సహా మార్కు రాశాడు.

ఇంకొకటి గమనించండి. సిలువ వేయడం అనే అసలు సంఘటన మార్కులో రెండు మూడు మాటల్లో ముగుస్తుంది. మేకుల మాట లేదు, రక్తం మాట లేదు. చేతుల్లో మేకుల గుర్తుల ప్రస్తావన యోహాను 20:25లో, పునరుత్థానం తర్వాత, తోమా నోట వస్తుంది. కొరడా దెబ్బలు ఎన్నో ఏ సువార్తా లెక్క చెప్పదు. మన గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో తరచూ వినపడే 39 దెబ్బలు పౌలు తన గురించి 2 కొరింథీయులు 11:24లో చెప్పుకున్న యూదుల శిక్ష లెక్క. యేసును కొట్టింది రోమా సైనికులు, వాళ్లకు ఆ పరిమితి లేదు. శరీర బాధను గంటసేపు వర్ణించి జనాన్ని ఏడిపించే ప్రసంగం సువార్త రాసినవాళ్లు ఎంచుకోని దారి. ఆయన ఎంత నొప్పి పడ్డాడన్న దానికంటే ఆయన ఎవరు, చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ని ఏం చేశారు, దేవుడు ఎక్కడ ఉన్నాడు అన్నవే వాళ్లకు ముఖ్యం.

రెండు: మిగతా మూడు సువార్తలు, విడివిడిగా

నోట్‌బుక్‌లో రెండు పేజీలు కలిపి నాలుగు నిలువు గడులు గీయండి. మార్కు గడి ఇప్పటికే సగం నిండింది. ఇప్పుడు మత్తయి 26, 27, తర్వాత లూకా 22, 23, చివర యోహాను 18, 19. రోజుకు ఒక సువార్త చాలు. ఒకదానిలో ఉన్నదాన్ని ఇంకోదానితో కలిపేయకండి. ఈ క్రమశిక్షణ మొదట్లో కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే మన బుర్రలో నాలుగూ కలిసిపోయిన ఒక సినిమా ముందే తిరుగుతూ ఉంటుంది.

మత్తయిలో మార్కు కథ దాదాపు అంతా ఉంటుంది, పైన కొన్ని చేరతాయి: యేసును పట్టిచ్చిన శిష్యుడు యూదా పశ్చాత్తాపం, పిలాతు భార్య కల, పిలాతు చేతులు కడుక్కోవడం, భూకంపం, సమాధులు తెరుచుకోవడం.

లూకాలో అడుగడుగునా నిర్దోషి అన్న మాట వినిపిస్తుంది. పిలాతు మూడుసార్లు అంటాడు (23:4, 14, 22). హేరోదు దగ్గరికి పంపిన ఘట్టం లూకాలో మాత్రమే ఉంది, అక్కడా నేరం తేలదు. పక్కన వేలాడుతున్న నేరస్థుడు అదే అంటాడు, చివరికి అక్కడి రోమా సైనికాధికారి అయిన శతాధిపతి కూడా "ఈ మనిషి నిజంగా నీతిమంతుడు" అంటాడు. మార్కులో అదే శతాధిపతి "దేవుని కుమారుడే" అన్నాడని మీ మొదటి గడిలో ఉంటుంది, పోల్చి చూడండి. మార్కులో ఇద్దరు నేరస్థులూ యేసును నిందిస్తారు, లూకాలో ఒకడు మనసు మార్చుకుంటాడు. లూకా యేసు తనను చంపేవాళ్ల కోసం ప్రార్థిస్తాడు, ఏడుస్తున్న యెరూషలేము స్త్రీలతో మాట్లాడతాడు, చివర "తండ్రీ" అంటూ ఆత్మను అప్పగిస్తాడు. ఒక సంగతి: 23:34లోని క్షమాపణ ప్రార్థన కొన్ని ప్రాచీన రాతప్రతుల్లో లేదు. ఇది విని కంగారు పడాల్సిన పని లేదు, చాలా అనువాదాలు దాన్ని అలాగే ఉంచి కింద ఒక నోట్ పెడతాయి.

యోహాను గడి నింపేటప్పుడు మీకు వేరే లోకంలోకి వచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ కురేనీయుడైన సీమోను లేడు, యేసే తన సిలువ మోసుకుంటూ వెళ్తాడు. చీకటి లేదు, ఆలయపు తెర చినగడం లేదు, "ఎందుకు చెయ్యి విడిచితివి" అన్న కేక లేదు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లే వెనక్కి తగ్గి నేలమీద పడతారు. సిలువ మీద నుంచి తల్లిని శిష్యుడికి అప్పగిస్తాడు, "సమాప్తమైనది" అని తల వంచుతాడు. ఇక్కడ సిలువ ఓటమిలా కనిపించదు. రాజు సింహాసనం ఎక్కినట్టు ఉంటుంది.

తేదీ, గంటల తేడా కూడా రాసుకోండి. మార్కు, మత్తయి, లూకాల్లో చివరి భోజనమే పస్కా (యూదుల విడుదల పండుగ) భోజనం. యోహానులో యేసును సిలువ వేసింది పస్కాను సిద్ధపరిచే దినాన, అంటే పస్కా గొర్రెపిల్లలను వధించే రోజున. మార్కు ప్రకారం మూడవ గంటకు (ఉదయం తొమ్మిదికి) సిలువ వేశారు, యోహాను గ్రీకు పాఠంలో ఆరవ గంట (మధ్యాహ్నం పన్నెండు) ప్రాంతంలో ఇంకా పిలాతు ముందే ఉన్నాడు. ఈ తేడాలను కలపడానికి రకరకాల ప్రయత్నాలు జరిగాయి. ఓపిక ఉంటే అవి చదవండి. నా సలహా మాత్రం, తేడా కనిపించినచోట "ఇతను ఇలా చెప్పి ఏం చూపిస్తున్నాడు?" అని అడగమనే. యోహాను సువార్త మొదటి అధ్యాయంలోనే బాప్తిస్మమిచ్చే యోహాను యేసును "దేవుని గొర్రెపిల్ల" అని పిలుస్తాడు, సువార్త రాసిన యోహాను 19:36లో ఎముకలు విరగ్గొట్టలేదని చెప్పి పస్కా గొర్రెపిల్ల నియమాన్ని గుర్తుచేశాడు. రోజు సంగతి ఆ వరుసలోనే వస్తుంది.

మన ఊళ్లలో గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఏడు మాటల ఆరాధన జరుగుతుంది కదా. ఆ ఏడు మాటలూ కలిసి ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మార్కు మత్తయిలు ఇద్దరికీ కలిపి ఒకటి. ఈ మూడు గంటల ఆరాధన పెరూ దేశంలోని లీమా నగరంలో జెసూట్ అనే కతోలిక సభకు చెందిన గురువులు మొదలుపెట్టింది. అక్కడి నుంచి కతోలికులు కానివారి దాకా పాకి, ఇవాళ పల్లెటూరి సంఘంలో కూడా ఏడుగురు ప్రసంగీకులు ఒక్కో మాట పంచుకునే స్థితికి వచ్చింది. మంచి ఆచారం. ఈసారి వెళ్లినప్పుడు మీ నోట్‌బుక్ తీసుకెళ్లి, ప్రతి మాట ఏ సువార్తలోదో పక్కన రాసుకుంటూ వినండి. నాలుగో మాట బాధ, ఏడో మాట నెమ్మది ఒకే నోట ఎలా వచ్చాయన్న చిక్కు కొంత విడిపోతుంది. అలాగే కతోలిక సంఘాల్లో 14 స్థలాల సిలువ మార్గం చేస్తే, వెరోనికా ముఖం తుడవడం, మూడుసార్లు పడిపోవడం వంటివి సువార్తల్లో లేవని, భక్తి సంప్రదాయం నుంచి వచ్చాయని గుర్తించండి. తీసేయమని కాదు, దేని మూలం ఏదో తెలిసి చేయమని.

మూడు: రోమా సిలువ ఏమిటో తెలుసుకోండి

మనం సిలువను గొలుసులో వేసుకుంటాం, గుడి మీద లైట్లు పెట్టి నిలబెడతాం. మొదటి శతాబ్దం మనిషికి ఆ దృశ్యం అర్థమే కాదు. సిలువ బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష, రోమా పౌరులకు మామూలుగా వేసేవారు కాదు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ బానిసల తిరుగుబాటు అణచాక, కాపువా నుంచి రోమ్ వరకు దాదాపు 200 కిలోమీటర్ల దారి పొడవునా ఆరువేల మందిని సిలువ వేశారు. చంపడం ఒక్కటే ఉద్దేశమైతే అంత శ్రమ అక్కర్లేదు. ఎదురు తిరిగితే ఇదే గతి అని దారిన పోయే ప్రతివాడికీ చూపించడమే దాని పని. యేసు తల మీద "యూదుల రాజు" అని రాయించడం వెనుక ఉన్నదీ ఆ రాజకీయమే.

ఆధారాలు అంటే ఇష్టమున్నవారికి కొన్ని. పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను పాలించాడు. అతని పేరున్న రాతి పలక 1961లో కైసరయలో దొరికింది. రోమా చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం మొదట్లో రాస్తూ, తిబెరి కైసరు కాలంలో పిలాతు చేత క్రీస్తు మరణశిక్ష పొందాడని చెప్పాడు. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో, సిలువ వేయబడిన యెహోహనాన్ అనే మనిషి మడమ ఎముక దొరికింది, దానిలో మేకు ఇంకా గుచ్చుకునే ఉంది. మేకు మొన వంగిపోయినందువల్ల తీయలేక అలాగే పాతిపెట్టి ఉంటారు.

రోమ్‌లో పలటీను కొండ మీద ఒక గోడపై గీసిన బొమ్మ కూడా ఒకసారి వెతికి చూడండి. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద దండం పెడుతున్న ఒకడు, "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అని గ్రీకులో గీతలు. సిలువ వేసిన మనిషిని దేవుడనడం అప్పటివారికి ఎంత నవ్వులాటగా ఉండేదో ఇంతకంటే బాగా చెప్పే వ్యాసం లేదు. ఇది చూశాక 1 కొరింథీయులు 1:18–25 చదవండి. యూదులకు ఆటంకం, అన్యజనులకు వెర్రితనం అని పౌలు ఎందుకన్నాడో వేరే వివరణ అవసరం పడదు. యూదులకు ఆటంకం ఎందుకంటే ద్వితీయోపదేశకాండము 21:23 మానుకు వేలాడదీసినవాడు శాపగ్రస్తుడు అంటుంది. మెస్సీయ, అంటే యూదులు ఎదురుచూసిన రక్షకుడు, శాపగ్రస్తుడు ఎలా అవుతాడు? పౌలు ఆ వచనాన్ని దాచిపెట్టలేదు, గలతీయులు 3:13లో దాన్నే పట్టుకుని వాదించాడు.

నాలుగు: పాత నిబంధన తెరవండి

మొదటి విశ్వాసులు ఈ అవమానాన్ని అర్థం చేసుకోవడానికి తమ చేతిలో ఉన్న లేఖనాల్లోనే వెతికారు. మీరూ నాలుగు చోట్లకు వెళ్లండి: 22వ కీర్తన, యెషయా 52:13 నుంచి 53 చివరి వరకు, నిర్గమకాండము 12, లేవీయకాండము 16.

22వ కీర్తన మొత్తం చదవండి, మొదటి వచనం దగ్గర ఆగిపోవద్దు. చెయ్యి విడిచితివి అన్న కేకతో మొదలై, బట్టలు పంచుకోవడం, తలలు ఊపడం దాటి, సమాజం మధ్య స్తుతితో ముగుస్తుంది. యేసు మొదటి వచనం పలికినప్పుడు చివరి స్తుతి కూడా మనసులో ఉందా? ఉందని కొందరు, ఆ కేకను అంత తొందరగా మెత్తబరచకూడదని కొందరు. నేను రెండోవైపే మొగ్గుతాను. మార్కు ఆ మాటకు వివరణ ఇవ్వకుండా వదిలేశాడు, మనం కూడా కొంచెంసేపు వదిలేయవచ్చు.

యెషయా 53లోని బాధపడే సేవకుణ్ణి యూదులు చాలామంది ఇశ్రాయేలు జనాంగంగా చదువుతారు. క్రైస్తవులు యేసుగా చదువుతారు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన అధికారి రథం మీద కూర్చుని ఈ భాగమే చదువుతూ, "ప్రవక్త ఎవరి గురించి చెబుతున్నాడు, తన గురించా వేరొకరి గురించా?" అని ఫిలిప్పును అడిగాడు. మంచి ప్రశ్న, మీరూ అదే ప్రశ్నతో చదవండి.

ఇక ఎక్కువగా కలగలిసిపోయేది పస్కాకూ ప్రాయశ్చిత్త దినానికీ మధ్య. నిర్గమకాండము 12లోని గొర్రెపిల్ల పాపపరిహార బలి కాదు. బానిసత్వం నుంచి బయటపడే రాత్రి అది, ద్వారబంధాలకు పూసిన రక్తం ఇంటికి కాపు. లేవీయకాండము 16లోని ప్రాయశ్చిత్త దినం వేరే సంగతి. అక్కడ రెండు మేకలు. ఒకదాన్ని వధించి దాని రక్తాన్ని అతిపరిశుద్ధ స్థలంలోకి తీసుకెళ్తారు. రెండోదాని తలమీద ప్రధాన యాజకుడు చేతులుంచి ప్రజల పాపాలు ఒప్పుకుని దాన్ని అడవిలోకి వదిలేస్తాడు. పాపాలు మోసేది రెండో మేక, అది ప్రాణంతోనే వెళ్తుంది. చనిపోయేది మొదటి మేక, దాని రక్తం ఆ స్థలాన్ని శుద్ధి చేస్తుంది. కొత్త నిబంధనలో యోహానూ 1 కొరింథీయులు 5:7లో పౌలూ పస్కాను పట్టుకున్నారు. హెబ్రీయులకు రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలు ప్రాయశ్చిత్త దినాన్ని పట్టుకున్నాయి. రెండూ ఒకే యేసు గురించే, కానీ ఒకటి విడుదల కథ, ఇంకొకటి శుద్ధి కథ.

ఐదు: పత్రికల్లో బొమ్మలకు ఒక్కో పేజీ ఇవ్వండి

ఇప్పుడు పత్రికల దగ్గరికి, అంటే పౌలు మొదలైనవారు విశ్వాసులకు రాసిన ఉత్తరాల దగ్గరికి రండి. సిలువను వివరించడానికి వాళ్లు వాడిన పోలికలనే బొమ్మలు అంటున్నాను. నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ పైన ఒక్కో పేరు రాయండి. న్యాయస్థానం: రోమా 3:21–26. బానిసల సంత, విడుదల వెల: మార్కు 10:45, 1 కొరింథీయులు 6:20. బలిపీఠం: హెబ్రీ 9. యుద్ధం, విజయోత్సవ ఊరేగింపు: కొలొస్సయులు 2:13–15. శత్రువుల మధ్య రాజీ: రోమా 5:6–11, 2 కొరింథీయులు 5:18–21. మాదిరి, దారి: 1 పేతురు 2:21–24, ఫిలిప్పీయులు 2:5–11. క్రీస్తుతో కలిసి చనిపోవడం: గలతీయులు 2:20, రోమా 6.

ప్రతి పేజీలో మూడు సంగతులు రాయండి. ఈ బొమ్మలో మనిషి ఇబ్బంది ఏమిటి? సిలువ ఆ ఇబ్బందిని ఏం చేసింది? తర్వాత మనిషి ఎలా ఉన్నాడు? న్యాయస్థానంలో ఇబ్బంది నేరం, సంతలో బానిసత్వం, బలిపీఠం దగ్గర మైల, యుద్ధంలో మనల్ని పట్టి ఉంచిన శక్తులు, రాజీలో పగ. ఇబ్బంది మారితే పరిష్కారం మారుతుంది. సిలువకు ఒక్క అర్థమే ఉందనుకునేవాడు మిగతా పేజీల్లోని వచనాలన్నిటినీ లాగి తన పేజీలో ఇరికిస్తాడు. మొదట్లో చెప్పిన జడ్జి కథ న్యాయస్థానం పేజీకి కొంత సరిపోతుంది. దాన్ని కొలొస్సయులు 2 దగ్గరికి తీసుకెళ్తే ఎందుకూ పనికిరాదు.

ఇక్కడ మన తెలుగు సంఘాలకు బాగా కుదిరే అభ్యాసం ఒకటి ఉంది. మీకు నోటికొచ్చిన సిలువ కీర్తనలు నాలుగైదు తీసుకోండి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోవి కావచ్చు, ఈ మధ్య వచ్చినవి కావచ్చు. ఒక్కో చరణం మీ నోట్‌బుక్‌లో ఏ పేజీకి వెళ్తుందో చూడండి. రక్తం, కడగడం, అప్పు తీర్చడం అనే మాటలు కుప్పలుగా దొరుకుతాయి. శత్రువుల మధ్య రాజీ గురించి, మనుషుల మధ్య గోడ పడిపోవడం గురించి ఎన్ని చరణాలు దొరుకుతాయో లెక్కపెట్టండి. ఎఫెసీయులు 2:14–16 సిలువను ఆ గోడ పడగొట్టినదిగానే చెబుతుంది. ఒకే ఊళ్లో కులానికొక సంఘం ఉన్నచోట ఆ పేజీ ఖాళీగా ఎందుకుందో అడగాల్సిన ప్రశ్నే.

ఆరు: సంఘ చరిత్ర ఏమంది

దీన్ని క్లుప్తంగా చూస్తే చాలు. నీకయ విశ్వాస ప్రమాణం ఆయన మన కోసం పొంతి పిలాతు కాలంలో సిలువ వేయబడ్డాడని చెప్పి ఊరుకుంటుంది, ఆ మరణం ఎలా పని చేసిందో చెప్పదు. సంఘమంతా కలిసి ఒకే వివరణను ఎప్పుడూ ఖాయం చేయలేదు. రెండో శతాబ్దంలో ఇరేనియస్, ఆదాము పాడు చేసిన దారిలో క్రీస్తు మళ్లీ నడిచి బాగు చేశాడని, సాతానును ఓడించాడని చెప్పాడు. విడుదల వెల కట్టింది సాతానుకే అని కొందరన్నప్పుడు, నాలుగో శతాబ్దంలో నజియన్జుకు చెందిన గ్రెగరీ ఆ మాటే అవమానం అని కొట్టిపారేశాడు. 1098 ప్రాంతంలో అన్సెల్మ్, దేవుని ఘనతకు కలిగిన లోటును దేవుడూ మనిషీ అయినవాడే తీర్చగలడని వాదించాడు. అతని తర్వాతి తరంవాడైన అబెలార్డ్, సిలువ దేవుని ప్రేమను చూపి మన మనసును మార్చుతుందన్న వైపు నొక్కి చెప్పాడు. 16వ శతాబ్దపు సంస్కర్తలు, ముఖ్యంగా కాల్విన్, మన శిక్షను మన బదులు ఆయన భరించాడని న్యాయస్థానం భాషలో చెప్పారు. మన తెలుగు ప్రొటెస్టెంటు ప్రసంగాల్లో ఎక్కువగా వినేది ఇదే, మిషనరీల ద్వారా వచ్చింది కూడా ఇదే.

ఒక్కొక్కరి ముందూ మీ ఐదో మెట్టు పేజీలు పరచి, ఎవరు ఏ పేజీ మీద నిలబడ్డారో చూడండి. ఎవరూ గాలిలోంచి మాట్లాడలేదని, ఎవరూ అన్ని పేజీలనూ పట్టుకోలేదని తెలుస్తుంది.

ఒక గుంట మాత్రం దాటాలి. కోపంతో ఊగిపోతున్న తండ్రి, ఆయన్ని శాంతపరచడానికి మధ్యలో దూరి దెబ్బలు తిన్న కొడుకు అన్నట్టు చాలామంది చెబుతారు. శిక్ష మన బదులు భరించాడని నమ్మే జాగ్రత్తగల వేదాంతులు కూడా ఇలా చెప్పరు. రోమా 5:8లో ప్రేమ చూపించింది దేవుడే. 2 కొరింథీయులు 5:19లో దేవుడు క్రీస్తులోనే ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు. యోహాను 10:18లో తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదు, తానే పెడుతున్నానంటాడు యేసు. తండ్రినీ కుమారుణ్ణీ ఎదురెదురుగా నిలబెట్టే వివరణ దొరికితే అక్కడ ఎర్ర గీత గీయండి.

ఏడు: సిలువ పేరుతో జరిగిన చెడు కూడా చదవండి

"ఇతని రక్తం మా మీద, మా పిల్లల మీద" అని జనం అన్న మత్తయి 27:25ను పట్టుకుని శతాబ్దాల పాటు యూదులందరినీ క్రీస్తు హంతకులన్నారు. యూరప్‌లో గుడ్ ఫ్రైడే రోజుల్లో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగేవి. 1965లో కతోలికుల రెండో వాటికన్ మహాసభ, ఆనాటి యూదులందరి మీదగానీ ఈనాటి యూదుల మీదగానీ ఆ నేరం మోపకూడదని స్పష్టంగా ప్రకటించింది. మీరు పాఠం చెప్పేవారైతే "యూదులు చంపారు" అనే వాక్యం మీ నోట రాకుండా చూసుకోండి. శిక్ష వేసింది రోమా అధికారి, అప్పగించింది ఆలయ పెద్దలు, ఏడ్చినవారూ పాతిపెట్టినవారూ కూడా యూదులే.

రెండోది మన ఇళ్లకు దగ్గరది. తాగొచ్చి కొట్టే భర్త గురించి చెప్పుకున్న స్త్రీకి "అది నీ సిలువమ్మా, మోయి" అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మార్కు 8:34 చదవండి. అక్కడ సిలువ యేసును వెంబడించడానికి తానుగా ఎత్తుకునేది. వేరొకడి క్రూరత్వాన్ని నోరు మూసుకుని భరించడం అనే అర్థం అందులో లేదు. 1 పేతురు 2 బానిసలకు రాసిన మాట కాబట్టి దాన్ని ఇవాళ ఎవరికి, ఎలా వినిపిస్తున్నామో ఇంకా జాగ్రత్తగా చూడాలి.

అణిగినవాళ్లు సిలువను చదివిన తీరు వేరుగా ఉంటుంది. 1980ల నుంచి అరవింద్ పి. నిర్మల్ వంటి వేదాంతులు, సిలువ మీద విడిచిపెట్టబడిన యేసులో దళితుల విరిగిన బతుకును చూశారు. వినుకొండలో పుట్టి అంటరానితనం అనుభవించిన గుర్రం జాషువా క్రీస్తు కథను పద్యంలో రాస్తే 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో సిలువను చదివేవాళ్లు ఈ గొంతులు వినకుండా అన్సెల్మ్ దగ్గరికి పరిగెత్తడం నాకు వింతగా ఉంటుంది.

ఎనిమిది: మీ మాటల్లో ఒక పేజీ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి జవాబు రాయండి: ఒకరి మరణం ఇంకొకరి పాపాన్ని ఎలా తీసేస్తుంది? ఒక్క పేజీ. "రక్తం ద్వారా కడిగాడు" వంటి వాక్యం రాస్తే, దాని కింద బలిపీఠం పేజీ నుంచి రెండు మామూలు మాటల్లో వివరించండి. ఎక్కడ మీకు ఇంకా తెలియదో అక్కడ ఖాళీ వదలండి, దాన్ని అలంకారంతో నింపకండి. రాశాక 1 కొరింథీయులు 15:3–17 చదివి చూసుకోండి. పునరుత్థానం ప్రస్తావన లేకుండానే మీ పేజీ పూర్తయి ఉంటే ఏదో తప్పిపోయింది, ఎందుకంటే క్రీస్తు లేవకపోతే మీరింకా పాపాల్లోనే ఉన్నారని పౌలు 17వ వచనంలో అంటాడు. మరణం ఒక్కటే పాపాన్ని తీసేసిందన్న లెక్క అక్కడ కుదరదు.

గుంపుగా చదువుతుంటే నలుగురైదుగురు మించకుండా చూడండి. ఒక్కో సువార్త గడి ఒక్కొక్కరికి ఇచ్చి, తమ సువార్త తప్ప ఇంకోటి మాట్లాడకూడదని నియమం పెట్టండి. ఎవరో ఒకరు మర్చిపోయి మార్కులోకి యోహానును తెస్తారు, అప్పుడే చర్చ రక్తి కడుతుంది. పాస్టర్ గారినో ఫాదర్ గారినో చివరి రోజు పిలవండి, మొదటి రోజు పిలిస్తే అందరూ ఆయన చెప్పేది రాసుకుంటూ కూర్చుంటారు.

వారమే మిగిలి ఉంటే మట్టల ఆదివారం మార్కు 14, 15 చదవండి. సోమవారం లూకా, మంగళవారం యోహాను, మత్తయిని వదిలేయవచ్చు. బుధవారం 22వ కీర్తన, యెషయా 53. గురువారం నిర్గమకాండము 12, ఆ సాయంత్రం ప్రభురాత్రి భోజనం ఆరాధన ఉంటే వెళ్లండి, 1 కొరింథీయులు 11:23–26 అక్కడ ఎలాగూ చదువుతారు. శుక్రవారం ఏమీ రాయకండి, ఆరాధనలో కూర్చుని వినండి. శనివారం రోమా 5, కొలొస్సయులు 2, ఆ తర్వాత ఆ ఒక్క పేజీ.